ఒసాము తెజుకా: వైద్యం చదివి బొమ్మల కథలను ఎంచుకున్న జపాన్ రచయిత.. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

కొడాన్షా సంస్థ ప్రచురించిన ఒసాము తెజుకా సమగ్ర రచనలు 400 సంపుటాలు. 1977లో మొదలైన ఆ ప్రచురణ 1997లో ముగిసింది. అప్పటికి రచయిత కన్నుమూసి ఎనిమిదేళ్లు. ఆయన గీసిన పుటలు లక్షా యాభై వేలు ఉంటాయని అంచనా. జపాన్ బొమ్మల కథలైన మాంగాను, వాటికి తోబుట్టువులైన యానిమే ధారావాహికలను ఇప్పుడిప్పుడే పరిచయం చేసుకుంటున్నవారికి ఎక్కడో ఒకచోట ఈ పేరు ఎదురవుతుంది. ఎదురైన వెంటనే సందేహమూ మొదలవుతుంది. ఇన్నింటిలో ముందు ఏది చదవాలి? పిల్లల చేతికి ఏది ఇవ్వవచ్చు, ఏది ఇవ్వకూడదు?

పుస్తకాల పట్టిక చూసి దీనిని తేల్చుకోవడం కష్టం. తెజుకా ఏ వయసులో, ఏ పరిస్థితిలో, ఏ పత్రిక కోసం గీశారో తెలిస్తే మాత్రం ఆ పుస్తకం ఎవరికి తగినదో చాలావరకు తెలిసిపోతుంది. ఆయన విషయంలో జీవితమే సరైన సూచిక.

పేరులో పురుగును చేర్చుకున్న బాలుడు

తెజుకా 1928 నవంబరు 3న ఒసాకా నగరానికి దగ్గరలోని టొయొనాకాలో జన్మించారు. పెరిగింది తకరజుకా పట్టణంలో. ఆ ఊరికి పేరు తెచ్చింది అక్కడి సంగీత నాటక సంస్థ. అందులో పురుష పాత్రలను కూడా స్త్రీలే ధరిస్తారు. స్థానం నరసింహారావు వంటి నటులు స్త్రీ పాత్రలతో మెప్పించిన తెలుగు రంగస్థలానికి ఇది అచ్చంగా తిరగేసిన బొమ్మ. తల్లి ఫుమికో కుమారుణ్ని ఆ నాటకాలకు తరచూ తీసుకువెళ్లేవారు. తండ్రి యుతకాకు సినిమాల పిచ్చి. ఇంట్లోనే చిన్న ప్రొజెక్టరు పెట్టి చాప్లిన్ చిత్రాలను, డిస్నీ బొమ్మల చిత్రాలను చూపించేవారు.

బాలుడు బయటకు వెళితే పురుగుల వేటలో ఉండేవాడు. జపాన్ భాషలో ఒసాముషి అనే ఒక పెంకుపురుగు ఉంది. తన పేరుకు దగ్గరగా ఉన్న ఆ పేరు అతనికి ఎంతో నచ్చింది. తన పేరు చివర పురుగు అనే అర్థమిచ్చే అక్షరాన్ని చేర్చుకుని, అదే తన కలం పేరు చేసుకున్నాడు. తరువాతి కాలంలో ఆయన స్థాపించిన స్టూడియో పేరు ముషి ప్రొడక్షన్. ముషి అంటే పురుగే.

ఈ బాల్యాన్ని యుద్ధం మధ్యలోనే తుంచేసింది. యుద్ధకాలపు శిక్షణ శిబిరంలో ఉండగా రెండు చేతులకూ చర్మవ్యాధి సోకి, చేతులు తీసివేయవలసి వస్తుందేమోనన్నంత వరకు వచ్చింది. ఒక వైద్యుడు వాటిని కాపాడారు. వైద్యుడు కావాలన్న కోరిక తెజుకాలో అక్కడే పుట్టింది. 1945 జూన్‌లో ఒసాకాపై బాంబులు కురిసిన రోజున ఆయన ఒక కర్మాగారంలో నిఘా గోపురం మీద కాపలా ఉన్నారు. చుట్టూ శవాలు పడి ఉండగా ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. అంతకు రెండు నెలల ముందు, అదే నగరంలో, ప్రేక్షకులు అంతగా లేని ఒక సినిమా హాలులో జపాన్ నౌకాదళం ప్రోద్బలంతో తీసిన బొమ్మల చిత్రాన్ని చూసి కంటతడి పెట్టుకున్నారు. అది యుద్ధ ప్రచార చిత్రమే. అయినా తానూ ఎప్పటికైనా ఇటువంటి చిత్రం తీయాలని ఆ హాలులోనే నిశ్చయించుకున్నారు.

వైద్య కళాశాల, చవక పుస్తకాలు

1945లోనే ఆయన ఒసాకా విశ్వవిద్యాలయంలో వైద్య విద్యకు చేరారు. 1946 జనవరిలో, పదిహేడేళ్ల వయసులో, మైనిచి సంస్థ పిల్లల పత్రికలో నాలుగు గళ్ల బొమ్మల కథ మొదలుపెట్టారు. ఒక చేతిలో శరీర నిర్మాణ శాస్త్రం, మరో చేతిలో కుంచె.

1947లో షిచిమా సకాయ్‌తో కలిసి చేసిన కొత్త నిధుల దీవి కథ వెలువడింది. ఎర్రని అట్టలతో, నాసిరకం కాగితంపై అచ్చయి, మిఠాయి దుకాణాల్లో అమ్ముడయ్యే చవకబారు పుస్తకాల కోవలోనిదే అది. నాలుగు లక్షల ప్రతులు చెల్లిపోయినట్లు చెబుతారు. ఆకలితో అలమటిస్తున్న దేశంలో అది ఊహకు అందని సంఖ్య. అదే ఏడాది జూలైలో మద్రాసు నుంచి తెలుగు చందమామ తొలి సంచిక వచ్చింది. చందమామలో కథ అక్షరాల్లో నడిచేది, బొమ్మ దానికి తోడు వచ్చేది. తెజుకా పుస్తకంలో బొమ్మే కథను నడిపింది. ఒక బాలుడు కారులో రేవు వైపు దూసుకుపోయే దృశ్యాన్ని ఆయన పుటల పొడవునా, సినిమా కెమెరా వెంబడించినట్లు, కోణాలు మార్చి చూపించారు. అంతవరకు బొమ్మల కథ అంటే ఎదురుగా నిలబడి చూసే రంగస్థలం. ఆ పుస్తకం చదివి తామూ ఇదే పని చేయాలని నిర్ణయించుకున్న బాలురు ఆ తరంలో ఎందరో ఉన్నారు.

వైద్యమా, మాంగానా అన్న ప్రశ్న ఇక తప్పలేదు. తల్లిని అడిగారు. ఆమె ఆదాయం గురించి గాని, పరువు గురించి గాని మాట్లాడలేదు. ఏది ఎక్కువ ఇష్టమో అడిగారు. మాంగా అని కుమారుడు చెప్పగా, అయితే అదే చేయమన్నారు. ఆయన వైద్యాన్ని సగంలో వదిలేయలేదు. జాతీయ వైద్య పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. 1961లో నారా వైద్య విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు కూడా పొందారు. పరిశోధనాంశం నత్తల వీర్యకణాల సూక్ష్మ నిర్మాణం. ఆ సరికే ఆయన దేశంలో అందరికన్నా తీరిక లేని చిత్రకారుడు.

1950లో తెల్ల సింహం లియో కథ అయిన అడవి చక్రవర్తి మొదలైంది. 1952 ఏప్రిల్‌లో షోనెన్ అనే బాలుర పత్రికలో ఆటమ్ కథ ఆరంభమైంది. పాశ్చాత్య దేశాల్లో ఆస్ట్రో బాయ్‌గా పేరుపొందినది ఇదే. 1953లో బాలికల పత్రికలో ప్రిన్సెస్ నైట్ వచ్చింది. ఆడపిల్ల మనసు, మగపిల్లవాడి మనసు రెండూ ఉన్న ఒక రాకుమారి, యువరాజు వేషంలో రాజ్యాన్ని కాపాడుకునే కథ. తకరజుకా నాటకశాలలో తల్లి పక్కన కూర్చుని చూసినదంతా ఇందులో కనిపిస్తుంది.

కొత్తగా వచ్చే పాఠకులను తికమకపెట్టే పదాలు కొన్ని ఉన్నాయి. షోనెన్ అంటే బాలురకు, షోజో అంటే బాలికలకు, సైనెన్ అంటే వయోజనులైన యువకులకు. ఇవి కథా ప్రక్రియల పేర్లు కావు, నాణ్యతకు గుర్తులూ కావు. ఆ కథ మొదట ఏ పాఠకుల కోసం నడిపే పత్రికలో వచ్చిందో చెప్పే చిరునామాలు. బాలికల పత్రికలో వచ్చిన కథను బాలురు చదవకూడదని అర్థం కాదు. అయితే సైనెన్ అని ఉన్నదాన్ని పదేళ్ల పిల్లవాడికి ఇచ్చేముందు పెద్దలు ఒకసారి తిరగేయాలి. తెజుకా ఈ మూడు చిరునామాలకూ రాశారు. ఆయన పేరు చూసి కళ్లు మూసుకుని పుస్తకం కొనకూడదనడానికి కారణం ఇదే.

1955లో జపాన్‌లో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి చెడు పుస్తకాలను వెళ్లగొట్టాలంటూ ఉద్యమం నడిపారు. తెజుకా పుస్తకాలూ ఆ విమర్శల్లో చిక్కుకున్నాయి. ఇవాళ పాఠశాల గ్రంథాలయాల్లో గౌరవంగా ఉండే పుస్తకాలు ఒకనాడు అనుమానపు చూపులు ఎదుర్కొన్నవే.

ఎనిమిది బొమ్మల సెకను

ఆటమ్ కథ పైకి యంత్ర బాలుని సాహసాలు. లోపల అంతా దుఃఖమే. కారు ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న ఒక శాస్త్రవేత్త అదే రూపంలో మరమనిషిని తయారుచేస్తాడు. ఆ బాలుడు ఎప్పటికీ ఎదగడని గ్రహించాక సర్కస్‌కు అమ్మివేస్తాడు. మరో శాస్త్రవేత్త అతన్ని విడిపించి పెంచుతాడు. లక్ష అశ్వశక్తి గల ఆ బాలుడు మనుషులకు, మరమనుషులకు మధ్య దూతగా ఉంటూ ఎవరికీ పూర్తిగా చెందనివాడిగా మిగిలిపోతాడు. అమెరికా సేనలు జపాన్‌ను ఆక్రమించి ఉన్న కాలంలో, భాష అర్థం కాక ఒక సైనికుని చేతిలో తెజుకా దెబ్బ తిన్నారు. ఒకరి మాట ఒకరికి తెలియని రెండు జాతుల మధ్య నలిగే ఆటమ్‌ను అర్థం చేసుకోవడానికి ఆ సంఘటన ఉపకరిస్తుంది. పదేళ్లు దాటిన పిల్లలకు తెజుకాను పరిచయం చేయాలంటే ఆటమ్ కథలే తగినవి. అందులో ప్రపంచంలో అతి బలమైన మరమనిషి ఎవరన్న కథను ఎన్నో ఏళ్ల తరువాత నవోకి ఉరసావా పెద్దల కోసం ప్లూటో పేరుతో తిరిగి చెప్పారు. 2023లో అది యానిమే ధారావాహికగానూ వచ్చింది. పిల్లలు మొదటిదాన్ని, తల్లిదండ్రులు రెండవదాన్ని ఎంచుకుంటే ఇంట్లో ఇరువర్గాలకూ మాట్లాడుకోవడానికి చాలా దొరుకుతుంది.

1963 జనవరి 1న ఫుజి టెలివిజన్‌లో ఆటమ్ ధారావాహిక ప్రారంభమైంది. వారానికి ఒక అరగంట బొమ్మల చిత్రం తీయడం అసాధ్యమని చాలామంది అనుకున్న రోజులవి. డిస్నీ తరహాలో ప్రతి కదలికకూ సెకనుకు పన్నెండు నుంచి ఇరవై నాలుగు బొమ్మలు గీస్తే అది నిజంగా అసాధ్యమే. తెజుకా బృందం ఎనిమిదింటితో సరిపెట్టింది. అవసరమైన చోట నిశ్చల చిత్రాన్నే ఉంచింది. మాట్లాడేటప్పుడు నోరు ఒక్కటే కదిలింది. ఆటమ్ ఎగిరే దృశ్యాన్ని ఒకసారి గీసి దాచిపెట్టి, తరువాతి భాగాల్లో మళ్లీ మళ్లీ వాడింది. ఉన్న లోటును సంగీతం, కథ పూడ్చాయి. ఒక దశలో ప్రేక్షకాదరణ 40 శాతం దాటింది. ప్రాయోజకులైన మెయిజి మిఠాయి సంస్థ చాక్లెట్లతో ఇచ్చిన ఆటమ్ బొమ్మల కోసం పిల్లలు ఎగబడ్డారు. అదే ఏడాది అమెరికాలోనూ ప్రసారం మొదలైంది. 1966 చివరి వరకు 193 భాగాలు నడిచాయి.

ఈ విజయానికి ఒక ధర ఉంది. ప్రాయోజకులు వెనక్కి తగ్గకూడదని తెజుకా ఒక్కో భాగాన్ని అసలు ఖర్చుకంటే తక్కువకే ఒప్పుకున్నారు. నష్టాన్ని మాంగా సంపాదనతోనూ, బొమ్మల హక్కుల సొమ్ముతోనూ పూడ్చుకున్నారు. ఆ వెసులుబాటు లేని ఇతర స్టూడియోలకూ అదే ధర కొలబద్ద అయింది. యానిమే కళాకారులు నేటికీ తక్కువ వేతనాలతో, నిద్రలేని రాత్రులతో పనిచేయడానికి మూలం ఇక్కడే ఉందని విమర్శించేవారున్నారు. నేరం మొత్తాన్ని ఒక్క మనిషిపై మోపడం సబబు కాదని వాదించేవారూ ఉన్నారు. హయావో మియజాకి తెజుకా మాంగా ప్రభావాన్ని గౌరవిస్తూనే, ఆయన యానిమే పద్ధతిని తెజుకా మరణించిన ఏడాదే నిర్మొహమాటంగా విమర్శించారు. రెండు పక్షాల్లోనూ నిజం ఉంది. ఆ తొలి బేరం లేకపోతే టెలివిజన్ యానిమే అంత త్వరగా పుట్టేది కాదు. పుట్టాక అంత బీదగా బతకవలసిన పనీ ఉండేది కాదు.

1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో తెజుకా తన ఆరాధ్యుడైన వాల్ట్ డిస్నీని కొద్ది క్షణాలు కలుసుకున్నారు. మరుసటి ఏడాది అడవి చక్రవర్తి రంగుల ధారావాహికగా వచ్చింది. 1994లో డిస్నీ సంస్థ ది లయన్ కింగ్ విడుదల చేసినప్పుడు రెండింటి పోలికలపై జపాన్‌లో పెద్ద దుమారమే రేగింది. అది చూడటానికి తెజుకా లేరు.

పతనం, పునరాగమనం

అరవయ్యో దశకం చివరికి గాలి మారింది. ఆటమ్ చదివిన పిల్లలు విశ్వవిద్యాలయాలకు వెళ్లారు. గెకిగా అనే కొత్త తరహా కథలు, నీడలు నిండిన గీతలతో, చేదు వాస్తవంతో వారిని ఆకర్షించాయి. గుండ్రని ముఖాల తెజుకా పాతబడిపోయారన్న మాట వినిపించింది. ఆయన అది విని ఊరుకునే మనిషి కాదు. ఇతరుల విజయాన్ని చూసి అసూయపడటం, వెంటనే వారి పద్ధతిని నేర్చుకుని పోటీకి దిగడం ఆయన స్వభావంలో ఉన్నాయి. మనుషులను కుక్కల వంటి రూపానికి మార్చే వ్యాధి చుట్టూ తిరిగే కిరిహితో కథ, యుద్ధానంతర కాలంలో ఒక భూస్వామి కుటుంబం కుళ్లును బయటపెట్టిన అయాకో ఆ రోజుల్లో వచ్చినవే. ముషి ప్రొడక్షన్ వేయిన్నొక్క రాత్రులను, క్లియోపాత్రాను పెద్దల చిత్రాలుగా తీసింది. ఈ నాలుగూ పిల్లలకు తగినవి కావు. ఆటమ్ సృష్టికర్త పేరు చూసి పొరబడితే ఇక్కడే పొరబడతారు.

1971లో తెజుకా ముషి ప్రొడక్షన్ అధ్యక్ష పదవి వదులుకున్నారు. 1973లో ఆ సంస్థ దివాలా తీసింది. అప్పుల భారం ఆయనపై పడింది. సొంత ఇల్లు కూడా చేజారింది. ఆయనకు అప్పుడు నలభై ఐదేళ్లు. అక్కడ పనిచేసినవారిలో కొందరు అప్పటికే మ్యాడ్‌హౌస్, సన్‌రైజ్ స్టూడియోలకు పునాదులు వేశారు. నేటి యానిమే పట్టికల్లో ఆ పేర్లు తరచూ కనిపిస్తాయి.

అదే ఏడాది నవంబరులో ఒక వారపత్రిక ఆయనకు కొద్ది వారాల చోటు ఇచ్చింది. ఒక పెద్ద రచయితకు గౌరవంగా వీడ్కోలు పలికినట్లుంటుందన్న ఆలోచన దాని వెనుక ఉన్నదని చెబుతారు. తెజుకా ఆ చోటులో బ్లాక్ జాక్ కథను మొదలుపెట్టారు. ముఖాన కుట్ల మచ్చ, భుజాన నల్లని పైవస్త్రం, చేతిలో అద్భుత నైపుణ్యం, వైద్యునిగా అనుమతి పత్రం మాత్రం లేదు. ధనవంతుల నుంచి కళ్లు తిరిగే రుసుము అడుగుతాడు, ఒక్కోసారి ఏమీ తీసుకోడు. ఎంత నైపుణ్యం ఉన్నా ఎవరిని కాపాడగలం, కాపాడి ఏం చేస్తాం అన్న ప్రశ్న అతన్ని వదలదు. ఇరవై ఏళ్ల కిందట పక్కన పెట్టిన వైద్యం ఇలా తిరిగి వచ్చి ఆయనను నిలబెట్టింది. కొద్ది వారాలు అనుకున్నది పదేళ్ల వరకు సాగి, రెండు వందల నలభైకి పైగా కథలయింది. ఒక్కో కథ ఇరవై పుటల్లో పూర్తవుతుంది. మాంగా చదివే అలవాటు ఏమాత్రం లేని పెద్దలు మొదట ఎంచుకోవలసిన పుస్తకం ఇదే. ముందు ఏం జరిగిందో తెలియకపోయినా ఏ కథనైనా తెరచి చదువుకోవచ్చు.

కపిలవస్తు దారిలో

భారతీయ పాఠకులకు మరో ద్వారం ఉంది. 1972లో పిల్లల పత్రికలో మొదలై 1983 వరకు నడిచిన బుద్ధ. జపాన్ ప్రచురణలో ఇది 14 సంపుటాలు. ఎనిమిది సంపుటాల ఆంగ్లానువాదం 2004, 2005 సంవత్సరాల్లో ఐస్నర్ పురస్కారాలు పొందింది. భారతదేశంలోనూ ఆ అనువాదం దొరుకుతుంది.

మంచులో కూలిపోయిన ఒక వృద్ధునికి ఆహారం తెచ్చిన జంతువుల కథతో ఇది మొదలవుతుంది. ఎలుగుబంటి, నక్క ఏదో ఒకటి తెస్తాయి. ఏమీ దొరకని కుందేలు నిప్పుల్లో దూకి తననే అర్పించుకుంటుంది. జాతక కథలు విన్న తెలుగువారికి ఇది చిన్ననాటి కుందేలే. ఆ తరువాత మాత్రం తెజుకా తన దారి పట్టారు. సిద్ధార్థుడు పుట్టేలోగా చాప్రా అనే బానిస బాలుడు, తత్తా అనే అంటరాని బాలుడు కథను ఆక్రమిస్తారు. సేనాపతిని మొసలి నుంచి కాపాడి, పుట్టుకను దాచి, అతని దత్తపుత్రుడుగా ఎదిగే చాప్రాకు తన తల్లే ప్రమాదంగా మారుతుంది. వీరిద్దరూ చరిత్రలో గాని బౌద్ధ గ్రంథాల్లో గాని లేరు. కుల వ్యవస్థ క్రూరత్వాన్ని రాజకుమారుని కంటే ముందు పాఠకుడే చూడాలని రచయిత భావించినట్లు కనిపిస్తుంది. బింబిసారుడు, అజాతశత్రువు, దేవదత్తుడు, ఆనందుడు అందరూ వస్తారు, కాని తెలిసిన రూపంలో రారు. ఘట్టం గంభీరంగా ఉన్నప్పుడే ఒక పాత్ర ఇరవయ్యో శతాబ్దపు జోకు వేస్తుంది. కొన్ని చోట్ల రచయితే తన కళ్లజోడుతో బొమ్మలో ప్రత్యక్షమవుతారు. అమరావతి శిల్పాల్లోని బుద్ధ చరిత్రను, లేదా అమర్ చిత్ర కథ తరహా గౌరవాన్ని ఆశించినవారికి ఇది కొంత ఇబ్బంది కలిగించవచ్చు. బుద్ధుని ధర్మం తెలుసుకోవడానికి ఈ పుస్తకం ఎంచుకోవడం పొరపాటు. దుఃఖం అన్న మాటకు మనుషుల ముఖాలు ఎలా ఉంటాయో చూడటానికి ఎంచుకుంటే నిరాశ ఉండదు. నగ్నత్వం, హింస ఉన్నందున పన్నెండు, పదమూడేళ్లు దాటినవారికే తగినది.

తెజుకా తన జీవిత సర్వస్వంగా భావించినది ఫీనిక్స్. 1954లో మొదలైంది. అమర పక్షి చుట్టూ అల్లిన కథలు. ఒకటి ప్రాచీన జపాన్‌లో జరిగితే తరువాతిది సుదూర భవిష్యత్తులో జరుగుతుంది. ఇలా రెండు వైపుల నుంచీ వర్తమానానికి చేరువ కావాలన్నది ప్రణాళిక. నారాలో మహాబుద్ధ విగ్రహం నిర్మించే కాలంలో ఒంటి చేతి హంతకుడు శిల్పిగా మారే భాగాన్ని చాలామంది ఆయన రచనలన్నింటిలో ఉత్తమమైనదిగా లెక్కిస్తారు. దానితోనే మొదలుపెట్టినా నష్టం లేదు. చరిత్రపై ఆసక్తి గల పెద్దలకు మరొకటి, హిట్లర్‌తో సహా ఆడొల్ఫ్ అనే పేరుగల ముగ్గురి కథ. 1983 నుంచి 1985 వరకు పెద్దల వారపత్రికలో వచ్చింది. కోబే నగరంలో స్నేహితులైన ఇద్దరు బాలురు, ఒకరు జర్మన్ తండ్రి కొడుకు, మరొకరు యూదుడు, యుద్ధంలో ఏమయ్యారన్నది ఇతివృత్తం. ఒసాకా బాంబుదాడిని గోపురం మీద నుంచి చూసిన మనిషి రాసినదని ప్రతి పుటలోనూ తెలుస్తుంది.

1988లో కడుపు క్యాన్సర్ ముదిరింది. రోగికి ఆ మాట చెప్పకపోవడం అప్పటి జపాన్ వైద్యంలో ఆనవాయితీ. వైద్యుడైన తెజుకాకూ ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రి మంచం మీద కూడా మూడు ధారావాహికలు నడుస్తూనే ఉన్నాయి. బీథోవెన్ జీవితం ఒకటి, దక్షిణ అమెరికాలో ఒక జపాన్ ఉద్యోగి కథ ఒకటి, ఫౌస్ట్ గాథను ఆధునిక కాలానికి తెచ్చిన నియో ఫౌస్ట్ మూడవది. పెన్సిలు తీసేసుకుంటే మళ్లీ అడిగేవారు. 1989 ఫిబ్రవరి 9న, అరవయ్యేళ్ల వయసులో, టోక్యోలో మరణించారు. ఫీనిక్స్ వర్తమానానికి చేరలేదు. మూడు ధారావాహికలూ మధ్యలోనే ఆగిపోయాయి. నియో ఫౌస్ట్ చివరి పుటల్లో సిరా పూర్తిగా పడలేదు. ముఖాలు సున్నాలుగా, మనుషులు రెండు మూడు గీతలుగా మిగిలి ఉన్నారు. ప్రచురణకర్తలు వాటిని మరొకరి చేత పూర్తి చేయించకుండా, ఆయన వదిలిన చోటు వరకు అలాగే అచ్చువేశారు.